ఎలుక పిల్లల రక్తంలో అమైనో ఆమ్లాలు: గర్భం నుంచి పాలు మానేదాకా

శరీరంలోని ప్రొటీన్లన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాల కూర్పుతో తయారవుతాయి. తిన్నది జీర్ణమైనప్పుడు అవి విడివడి రక్తంలో చేరతాయి. కణజాలాల్లో పాత ప్రొటీన్లు విచ్ఛిన్నమైనప్పుడూ అక్కడికే వస్తాయి. కొత్త ప్రొటీన్ల తయారీకి, గ్లూకోజ్‌గా మారడానికి, యూరియాగా విసర్జన కావడానికి రక్తం నుంచే వెళ్తాయి. ఎదిగిన ఎలుక ప్లాస్మాలో వీటన్నిటి మొత్తం లీటరుకు కొన్ని మిల్లీమోల్‌లు మాత్రమే. అందులో పెద్ద వాటా గ్లుటమిన్, అలనిన్, గ్లైసిన్, లైసిన్‌లది. మిథియోనిన్, ఫినైల్‌అలనిన్, ట్రిప్టోఫాన్ వంటివి మిల్లీమోల్‌లో పదో వంతు దగ్గరో అంతకన్నా తక్కువో ఉంటాయి. ఇంత చిన్న నిల్వ గుండా రోజూ దానికి ఎన్నో రెట్ల పదార్థం ప్రవహిస్తుంది. చెరువులో నీటిమట్టం మాత్రమే చూసి కాలువలో ఎంత వస్తోందో, తూముల్లోంచి ఎంత పోతోందో చెప్పలేం. రక్తంలోని గాఢత కూడా అంతే: అది రాకకూ పోకకూ మధ్య తేడాను చూపే అంకె, నిల్వల కొలత కాదు. ఒక అమైనో ఆమ్లం తగ్గిందంటే సరఫరా పడిపోయి ఉండవచ్చు, లేదా వినియోగం పెరిగి ఉండవచ్చు. ఎదుగుదల తొలిదశలో ఈ రెండూ కొద్ది రోజుల తేడాతో మారిపోతాయి. అందుకే ఈ రంగంలోని ఫలితాలను చదవడం కష్టం, ఆసక్తికరం కూడా.

తొలిదశ అధ్యయనానికి ఎలుకను ఎంచుకోవడానికి ప్రధాన కారణం దాని కాలమానం. గర్భం 21–22 రోజులు. పుట్టినప్పుడు పిల్ల బరువు ఐదారు గ్రాములు. ఒంటిమీద వెంట్రుకలుండవు, కళ్లు మూసుకునే ఉంటాయి. సుమారు వారంలోపే బరువు రెట్టింపవుతుంది. రెండో వారం చివర కళ్లు తెరుచుకుంటాయి, ఆ వెంటనే మేత కొరకడం మొదలవుతుంది, మూడు వారాలకు పాలు మానుతుంది. ఈ కొద్ది వారాల్లో అమైనో ఆమ్లాలను అందించే మూలం మూడుసార్లు మారుతుంది: మొదట సొనసంచి, తరువాత జరాయువు (వాడుకలో మాయ), ఆ పైన తల్లిపాలు, చివరికి గింజల మేత. పుట్టిన తొలి గంటల్లో ఈ నాలుగింటిలో ఏదీ ఉండదు. ఆ కొద్దిసేపు పిల్ల తన నిల్వల మీదే బతకాలి.

కొలత సంగతి ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత, కొత్త ఫలితాల మధ్య కనిపించే తేడాలు చాలాసార్లు కొలిచే పద్ధతి నుంచి వచ్చినవే. జీర్ణమైన ప్రొటీన్ అమైనో ఆమ్లాల రూపంలో రక్తంలో చేరుతుందని, కణజాలాలు వాటిని చకచకా పీల్చుకుంటాయని 1912లో డొనాల్డ్ వాన్ స్లైక్, గుస్టావ్ మేయర్ చూపారు. నైట్రస్ ఆమ్లంతో చర్య జరిపి, వెలువడిన నత్రజని వాయువును కొలవడం వారి పద్ధతి. దానివల్ల మొత్తం మాత్రమే తెలుస్తుంది, ఏది ఎంతో తెలియదు. అమైనో ఆమ్లాలను విడివిడిగా లెక్కించడం అయాన్ వినిమయ రెసిన్ల క్రొమటోగ్రఫీతో సాధ్యమైంది. 1972లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టెయిన్, డారెల్ స్పాక్‌మన్‌తో కలిసి 1958లో స్వయంచాలక విశ్లేషక యంత్రాన్ని వివరించారు. నమూనా ఒకటి ఒక రోజులోపే పూర్తయ్యే వీలు దానితో కలిగింది. ఎలుక పిల్లల మీద వివరమైన పట్టికలు ఆ తరువాతి దశాబ్దాల్లోనే వెలువడ్డాయి.

పద్ధతి మెరుగుపడినా నమూనా సమస్య మిగిలింది. అప్పుడే పుట్టిన పిల్ల ఒంట్లోని రక్తం మొత్తం కలిపినా అర మిల్లీలీటరు ఉండదు. పిండాలది అంతకన్నా తక్కువ. ఒకే ఈతలోని పిల్లలందరి రక్తం కలిపి కొలవడం అందుకే మామూలైంది. దానివల్ల పిల్లకూ పిల్లకూ ఉన్న తేడా కనిపించకుండా పోతుంది. గణాంకాల్లో ఒక ఈతను ఒక ప్రమాణంగా లెక్కించకుండా ప్రతి పిల్లనూ వేరుగా లెక్కించినచోట తేడాలు ఉన్నదానికంటే గట్టివిగా కనిపిస్తాయి. రక్తం తీసే తీరు కూడా అంకెను మారుస్తుంది. రక్తాన్ని గడ్డకట్టనిస్తే ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు తమలోని టారిన్‌ను వదులుతాయి. అందువల్ల సీరంలో టారిన్ ప్లాస్మాకంటే ఎక్కువగా తేలుతుంది. ఎర్రకణాలు చిట్లితే వాటిలోని ఆర్జినేజ్ ఎంజైమ్ ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. నమూనా నిలవ ఉంటే గ్లుటమిన్ తగ్గి గ్లుటమేట్ పెరుగుతుంది. ఆర్జినిన్ తక్కువ, ఆర్నిథిన్ ఎక్కువ ఉన్న పాత పట్టికను చూస్తే జీవక్రియకంటే ముందు ప్రయోగశాలను అనుమానించడం మేలు.

మొత్తం రక్తాన్ని కొలవాలా, ప్లాస్మానా అన్నది మరో ప్రశ్న. ఎర్రకణాల లోపల గ్లుటమేట్, ఆస్పార్టేట్, టారిన్ ప్లాస్మాలోకంటే ఎంతో ఎక్కువ గాఢతలో ఉంటాయి. అవయవాల మధ్య అమైనో ఆమ్లాల రవాణాలో కణాలకూ కొంత పాత్ర ఉందని ప్లాస్మాతో పాటు మొత్తం రక్తాన్నీ కొలిచిన పరిశోధకులు వాదించారు. ఎదుగుదల దశలో ఈ వాదనకు అదనపు బరువుంది. పిండం రక్తకణాలు పెద్దవి. పుట్టిన ఎలుక పిల్ల రక్తంలో అపరిపక్వ ఎర్రకణాలు, అంటే రెటిక్యులోసైట్లు, ఎక్కువ. ఇవి గ్లైసిన్‌ను గాఢతకు ఎదురుగా లోపలికి లాక్కోగలవని రిగ్స్, క్రిస్టెన్‌సెన్, పాలటైన్ 1952లో చూపారు. పరిపక్వమయ్యే కొద్దీ ఆ శక్తి సన్నగిల్లుతుంది. మొదటి వారాల్లో కణాల వాటా, పరిమాణం, స్వభావం మూడూ మారుతుంటాయి. కాబట్టి మొత్తం రక్తంలో గీసిన వయసు రేఖ, ప్లాస్మాలో గీసిన రేఖ ఒకటి కానక్కర్లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ సంగతి తరచుగా మరుగున పడుతుంది.

గర్భం తొలి సగంలో పిండానికి రక్తం ద్వారా అమైనో ఆమ్లాలు అందే దారి ఇంకా తయారై ఉండదు. జరాయువు పదకొండు పన్నెండు రోజుల తరువాతే పూర్తిగా పనిలోకి దిగుతుంది. అంతవరకూ సొనసంచి పొర తల్లి ప్రొటీన్లను చిన్న చిన్న బుడగల రూపంలో మింగి, లైసోజోముల్లో విరగ్గొట్టి, విడివడిన అమైనో ఆమ్లాలను పిండానికి అందిస్తుంది. ఆ రోజుల్లో పిండం ప్రొటీన్లకు ముడిసరుకు చాలామటుకు ఈ దారినే వస్తుంది. సొనసంచి మీద పనిచేసే ప్రతిరక్షకాలనో, లైసోజోము ఎంజైములను ఆపే పదార్థాలనో ఇస్తే పిండంలో వైకల్యాలు ఏర్పడటం దీనికి గట్టి సాక్ష్యం. గాజు సీసాల్లో సీరం పోసి ఎలుక పిండాలను పెంచే పద్ధతి వచ్చాక మరో విషయం తెలిసింది. ఆవు సీరంలో పెంచిన పిండాల్లో నాడీనాళం సరిగా మూసుకోలేదు, మిథియోనిన్ కలిపితే మూసుకుంది. రక్తంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం కొరవడితే అవయవ నిర్మాణమే దెబ్బతినగలదని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

జరాయువు పనిలోకి వచ్చాక కనిపించే ముఖ్య లక్షణం, పిండం ప్లాస్మాలో అమైనో ఆమ్లాల గాఢత తల్లి ప్లాస్మాకంటే ఎక్కువగా ఉండటం. వేగంగా పెరిగే కణజాలం అమైనో ఆమ్లాలను పోగుచేసుకుంటుందని హాల్వర్ క్రిస్టెన్‌సెన్, స్ట్రైషర్ 1948లోనే గినీపంది పిండాల్లో గుర్తించారు. ఎలుకల్లో గర్భిణుల ప్లాస్మానూ 21 రోజుల పిండాల ప్లాస్మానూ పక్కపక్కన కొలిచిన పాలౌ, అరోలా, అలెమనీల పని 1977లో వెలువడింది. పిండం వైపు గాఢత ఎక్కువ కావడం వ్యాపనంతో జరిగే పని కాదు. శక్తి ఖర్చు పెట్టి ఎదురెక్కించాలి. తల్లి రక్తానికి ఆనుకున్న పొరలో ‘ఎ’ వ్యవస్థ అనే రవాణా ప్రొటీన్లు సోడియం వాలును వాడుకొని అలనిన్, గ్లైసిన్, సెరిన్ వంటి చిన్న అమైనో ఆమ్లాలను జరాయువులోకి లాగుతాయి. అలా పోగైన వాటిని ‘ఎల్’ వ్యవస్థ మార్పిడి సరుకుగా వాడుకొని లూసిన్, ఫినైల్‌అలనిన్ వంటి పెద్ద అమైనో ఆమ్లాలను లోపలికి తెస్తుంది. అంటే ఒక వ్యవస్థ మందగిస్తే రెండోది కూడా మందగిస్తుంది. తల్లి ప్లాస్మాలో ఒక అమైనో ఆమ్లం విపరీతంగా పెరిగితే, అదే రవాణా ప్రొటీన్‌ను పంచుకునే మిగతావి పిండానికి తక్కువగా చేరవచ్చు.

తల్లి వైపు చిత్రం ఇందుకు భిన్నం. గర్భిణి ఎలుక తొలి రెండు వారాల్లో ప్రొటీన్‌ను కూడబెట్టి, చివరి వారంలో పిండాల కోసం దాన్ని కరిగిస్తుందని డి.జె. నైస్మిత్ 1960ల చివర ప్రతిపాదించారు. చివరి వారంలో ఎనిమిది పది పిండాలు ఒకేసారి పెరుగుతాయి. వాటి మొత్తం బరువు తల్లి బరువులో చెప్పుకోదగ్గ భాగం. ఆ దశలో తల్లి ప్లాస్మాలో చాలా అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. తల్లి ఆకలితో ఉందని దీనికి అర్థం కాదు. జరాయువు పీల్చుకునే వేగం పెరగడం, రక్త పరిమాణం పెరిగి పలచబడటం, కాలేయంలో వ్యర్థమయ్యే భాగం తగ్గడం కలిసి ఆ ఫలితాన్నిస్తాయి.

పుట్టిన క్షణంలో బొడ్డుతాడు గుండా వచ్చే సరఫరా తెగిపోతుంది. తొలి గంట రెండు గంటల్లో పిల్ల రక్తంలో గ్లూకోజ్ బాగా పడిపోతుంది, ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ ఎగసిపడుతుంది, కాలేయంలోని గ్లైకోజన్ కరుగుతుంది. ప్రసవం ముందూ తరువాతా ఎలుకలో ఇంధనాలు, హార్మోన్లు, కాలేయ జీవక్రియ ఎలా మారతాయో పారిస్‌కు చెందిన జాన్ జిరార్డ్, సహచరులు 1973లో వివరంగా నమోదు చేశారు. ప్లాస్మాలో అమైనో ఆమ్లాలు ఈ గంటల్లోనే దిగుతాయి. సరఫరా ఆగిందన్నది సగం కారణమే. అంతవరకూ లేని కొత్త గిరాకీ మొదలవడం మిగతా సగం. అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారు చేయడానికి కావలసిన కీలక ఎంజైమ్, ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ కార్బాక్సీకైనేజ్, పిండం కాలేయకణ ద్రవంలో దాదాపు శూన్యం. పుట్టిన కొద్ది గంటల్లో అది వేగంగా పెరుగుతుందని బల్లార్డ్, హాన్సన్ 1967లో చూపారు. ఇన్సులిన్ తగ్గడం, గ్లూకగాన్ పెరగడం దానికి సంకేతాలు. లాక్టేట్ ప్రధాన ముడిసరుకు కాగా అలనిన్, సెరిన్ వంటివీ ఆ దారిలోకి వెళ్తాయి. ఈ పనికి శక్తి పాలలోని కొవ్వు మండటం వల్ల వస్తుంది. పాలు అందని పిల్లలో గ్లూకోజ్ పడిపోవడానికి, కొవ్వు ఇస్తే కోలుకోవడానికి కారణం అదే. కాబట్టి ‘పుట్టిన రోజు’ అన్న ఒకే గడిలో పడిన అంకెలను ఒకే రాశిగా చూడకూడదు. రెండో గంట పిల్ల, పాలు తాగిన పన్నెండో గంట పిల్ల జీవక్రియ పరంగా దాదాపు రెండు వేర్వేరు ప్రాణులు.

కాలేయంలో ఎంజైములు ఒకేసారి కాక విడతలుగా మేల్కొంటాయి. వీటిని ఓల్గా గ్రీన్‌గార్డ్ మూడు గుంపులుగా విడదీశారు: గర్భం చివరి రోజుల్లో వచ్చేవి, పుట్టిన వెంటనే వచ్చేవి, పాలు మానే ముందు వచ్చేవి. యూరియా చక్రపు ఎంజైములు మొదటి గుంపులోవి. అందువల్ల ఎలుక పిల్ల పుట్టేనాటికే అమ్మోనియాను యూరియాగా మార్చుకునే సామర్థ్యంతో ఉంటుంది. ప్రొటీన్ చిక్కగా ఉండే పాలు తాగబోయే ప్రాణికి అది అవసరమే. టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ రెండో గుంపుకు మంచి ఉదాహరణ. సెరెని, కెన్నీ, క్రెట్ష్‌మర్ 1959లో చూపినట్టు ఇది పిండంలో దాదాపు ఉండదు, పుట్టిన తరువాత గంటల్లోనే ఎగబాకుతుంది. రోజులు నిండకముందే పిల్లను బయటికి తీసినా పెరుగుతుంది. గర్భంలోని పిండానికి గ్లూకగాన్ ఇస్తే ముందుగానే కనిపిస్తుందని గ్రీన్‌గార్డ్ బృందం చూపింది. అంటే ఇక్కడ గడియారం వయసు కాదు, ప్రసవం. మూడో గుంపులో ట్రిప్టోఫాన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. అది చురుకయ్యేది మూడో వారంలో.

ఈ విడతల ప్రభావం రక్తంలో నేరుగా కనిపిస్తుంది. ఒక అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఇంకా రాకపోతే దాని పోక తక్కువ. అందువల్ల రాక మామూలుగా ఉన్నా మట్టం పెరుగుతుంది. మనుషుల్లో నెల తక్కువగా పుట్టిన శిశువులకు వచ్చే తాత్కాలిక టైరోసిన్ ఆధిక్యం ఇలాంటిదే. అక్కడ ఆలస్యమయ్యేది టైరోసిన్ విచ్ఛిన్న దారిలోని తరువాతి ఎంజైమ్. సి విటమిన్ ఇస్తే చాలామందిలో అది సర్దుకుంటుంది.

ఎలుక పాలు ఆవుపాలకంటే ఎంతో చిక్కన. ప్రొటీన్ ఎనిమిది తొమ్మిది శాతం, కొవ్వు పది శాతం పైన, లాక్టోజ్ మూడు శాతం దగ్గర. తల్లిపాలలో ప్రొటీన్ ఒక శాతం మాత్రమే ఉండే మానవ శిశువుతో పోలిస్తే ఎలుక పిల్ల మీద ప్రొటీన్ భారం ఎంతో తెలుస్తుంది. అయినా రక్తంలో అమైనో ఆమ్లాలు కట్టలు తెంచుకోవు. పిల్ల పెరిగే వేగానికి అవి కణజాలాల్లోకి వెళ్లిపోతూ ఉంటాయి. జీర్ణం జరిగే తీరు కూడా ఇందుకు తోడ్పడుతుంది. తొలి రెండు వారాల్లో పొట్టలో ఆమ్లం తక్కువ, పెప్సిన్ తక్కువ. పాల ప్రొటీన్లలో కొంత భాగాన్ని చిన్నపేగు చివరి భాగంలోని కణాలు మొత్తంగా మింగి, లోపలే విరగ్గొడతాయి. తల్లి ఇచ్చే ప్రతిరక్షకాలు చెక్కుచెదరకుండా రక్తంలో చేరేది కూడా ఈ కాలంలోనే. ఈ దారి మూడో వారంలో మూసుకుపోతుంది. తల్లి పగలంతా పిల్లల దగ్గరే ఎక్కువగా ఉంటుంది, పాలు కొన్ని నిమిషాల వ్యవధితో విడతలుగా దిగుతాయి. అందువల్ల ఎదిగిన ఎలుకలో రాత్రి మేతతో వచ్చే ఎగుడుదిగుడులు పాలు తాగే పిల్లలో ఆ రూపంలో కనిపించవు.

ఈ దశలో ప్రతి అమైనో ఆమ్లానిదీ వేరే కథ. అన్నిటిలోకీ వివరంగా తెలిసినది ఆర్జినిన్‌ది. పెరుగుదలకు కావలసినంత ఆర్జినిన్ పాలలో ఉండదు. లోటును పేగే పూడుస్తుంది. ఎదిగిన ఎలుకలో చిన్నపేగు సిట్రుల్లిన్ వరకే తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, దాన్ని ఆర్జినిన్‌గా మార్చేది మూత్రపిండం. పాలు తాగే పిల్లలో మాత్రం ఆ చివరి రెండు ఎంజైములు కూడా పేగు కణాల్లోనే ఉంటాయి, ఆర్జినిన్‌ను విరగ్గొట్టే ఆర్జినేజ్ దాదాపు ఉండదు. పాలు మానే సమయానికి కార్టికోస్టెరాన్ హార్మోన్ పెరగడంతో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది: పేగులో తయారీ ఎంజైములు తగ్గుతాయి, ఆర్జినేజ్ వస్తుంది, మూత్రపిండం బాధ్యత తీసుకుంటుంది. ఈ ఏర్పాటు చెడితే ఏమవుతుందో చుంచెలుకలు చూపాయి. సిట్రుల్లిన్ తయారుచేసే ఎంజైమ్ పుట్టుకతో లోపించిన ఒక జాతి చుంచెలుక పిల్లలకు పాలు తాగినంతకాలం వెంట్రుకలు పలచగా ఉంటాయి, ఆ తరువాత బాగుపడతాయి. పేగు కణాల్లో ఆర్జినేజ్‌ను కృత్రిమంగా పెంచిన చుంచెలుకల్లో రక్తంలోని ఆర్జినిన్ మామూలులో మూడో వంతుకు పడిపోయింది. వెంట్రుకలు, కండరాలు, లసికా కణజాలం ఎదగడం కుంటుపడ్డాయి. మిగతా అమైనో ఆమ్లాలన్నీ సరిగా ఉన్నా ఒక్కటి కొరవడితే సరిపోయింది.

ప్రొటీన్లలో చేరకపోయినా టారిన్‌ను రక్త విశ్లేషణలో అమైనో ఆమ్లాల జాబితాలోనే వేస్తారు. ఎలుక పాలలో అది తొలి రోజుల్లో ఎక్కువ, తరువాత తగ్గుతుంది. మెదడులో టారిన్ పుట్టినప్పుడు గరిష్ఠం, కొద్ది వారాల్లో ఎదిగిన స్థాయికి దిగుతుంది. సిస్టీన్ నుంచి టారిన్ తయారుచేసే కాలేయ సామర్థ్యం పిల్లతోపాటు పెరుగుతుంది. ఎదిగిన ఎలుక దాన్ని సొంతంగా తయారు చేసుకోగలదు కాబట్టి మేతలో లేకపోయినా పెద్దగా ఇబ్బంది పడదు. పిల్లికి ఆ శక్తి బాగా తక్కువ. టారిన్ లేని ఆహారం తిన్న పిల్లుల్లో కంటిపాప వెనుక నాడీపొర క్షీణిస్తుందని 1975లో తేలింది. ఒక జంతువులో ‘అవసరం లేదు’ అని తేలినది మరో జంతువుకు ప్రాణాధారం కావచ్చు.

ట్రిప్టోఫాన్ మిగతావాటి కంటే భిన్నంగా ప్లాస్మాలో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కొని ఉంటుంది. మెదడులోకి తేలికగా వెళ్లేది విడిగా ఉన్న భాగం. అప్పుడే పుట్టిన పిల్లలో ఆల్బుమిన్ తక్కువ. పాలలోని కొవ్వు వల్ల రక్తంలో కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, అవి ట్రిప్టోఫాన్‌ను ఆల్బుమిన్ నుంచి నెట్టేస్తాయి. అందువల్ల విడి ట్రిప్టోఫాన్, దానితోపాటు మెదడులోని ట్రిప్టోఫాన్, తొలి రోజుల్లో అధికంగా ఉండి క్రమంగా దిగుతాయని 1974లో పారిస్‌లో హామోన్, గ్లోవిన్‌స్కీ బృందం చూపింది. సెరొటోనిన్‌కు ముడిసరుకు ఇదే. మొత్తం ట్రిప్టోఫాన్‌ను మాత్రమే ఇచ్చే పట్టిక ఈ సంగతిని చూపించలేదు. గ్లైసిన్ విషయం మరొకటి: పాలలోని కేసీన్‌లో అది తక్కువ, చర్మం, ఎముకల్లోని కొల్లాజెన్‌కు అది విపరీతంగా కావాలి. ఆ తేడాను శరీరమే సెరిన్ నుంచి తయారుచేసి పూడ్చాలి.

మెదడు ఈ రక్తంతో బతుకుతుంది, కానీ అన్నిటినీ ఒకేలా రానివ్వదు. రక్తానికీ మెదడుకూ మధ్య అడ్డుపొరలో పెద్ద తటస్థ అమైనో ఆమ్లాలన్నీ ఒకే రవాణా ప్రొటీన్ కోసం పోటీపడతాయి. ఎలుక పిల్లలో ఆ రవాణా ఎదిగిన ఎలుకలోకంటే చురుకుగా ఉంటుంది. ఒకటి అతిగా పెరిగితే మిగతావి మెదడుకు అందవు. ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుపోయే ఫినైల్‌కీటోన్యూరియా అనే మనుషుల పుట్టువ్యాధిని ఎలుకల్లో సృష్టించే ప్రయత్నాలు ఇక్కడి నుంచే పుట్టాయి. 1976లో గ్రీన్‌గార్డ్ బృందం ఆల్ఫా-మిథైల్‌ఫినైల్‌అలనిన్ అనే నిరోధకాన్ని, దానితోపాటు ఫినైల్‌అలనిన్‌ను పాలు తాగే ఎలుక పిల్లలకు ఇచ్చి రక్తంలో ఫినైల్‌అలనిన్ స్థాయిని రోజుల తరబడి పెంచి ఉంచగలిగింది. అంతకుముందు వాడిన నిరోధకం విషప్రభావం వల్ల ఏది ఫినైల్‌అలనిన్ పని, ఏది మందు పని అన్నది తేలేది కాదు. గ్లుటమేట్ మీద మరో రకం హెచ్చరిక వచ్చింది. అప్పుడే పుట్టిన చుంచెలుకలకు మోనోసోడియం గ్లుటమేట్‌ను చర్మం కింద ఎక్కిస్తే హైపోథలామస్‌లో నాడీకణాలు చనిపోతాయని జాన్ ఓల్నీ 1969లో ప్రకటించారు. ఎలుక పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది. ఆహారంలో తినే మోతాదులకు దీన్ని నేరుగా అన్వయించి చేసిన ప్రచారం మాత్రం శాస్త్రాన్ని దాటిపోయింది.

పాలు మానడం ఒక రోజున జరిగే సంఘటన కాదు. పదిహేను పదహారు రోజుల నుంచి పిల్ల మేత కొరుకుతుంది, పాలు కూడా తాగుతూనే ఉంటుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం నుంచి పిండిపదార్థం ఎక్కువగా ఉన్న ఆహారానికి మారడంతో ఇన్సులిన్ పెరుగుతుంది, గ్లూకగాన్ తగ్గుతుంది. సుక్రేజ్, పెప్సిన్, క్లోమ ఎంజైములు వస్తాయి. రక్తంలో అమైనో ఆమ్లాల తీరు క్రమంగా ఎదిగిన ఎలుక పోలికలోకి చేరుతుంది. ఇక్కడొక చిక్కుముడి ఉంది. ఇరవై ఒకటో రోజున కనిపించిన మార్పు వయసు వల్లనా, మేత వల్లనా, తల్లి నుంచి విడదీసిన ఒత్తిడి వల్లనా? వీటిని విడదీయడానికి ముందుగా పాలు మాన్పించడం, ఆలస్యంగా మాన్పించడం, కొవ్వు ఎక్కువ ఉన్న మేత మీదికి మార్చడం వంటివి చేశారు. డబ్ల్యూ.జి. హాల్ 1975లో వివరించిన పద్ధతిలో పొట్టలోకి గొట్టం పెట్టి, తల్లి లేకుండానే పిల్లను పెంచడం సాధ్యమైంది. అప్పుడు పాల కూర్పు పరిశోధకుల చేతికి వచ్చింది. అలాంటి అదుపు లేకుండా రోజుల వారీ గీతలు గీసిన పనుల్లో మూడో వారపు ఫలితాలను జాగ్రత్తగా చదవాలి.

తల్లికి ప్రొటీన్ తగ్గించిన ప్రయోగాలు ఈ రంగంలో అత్యధికం. మామూలుగా మేతలో 18–20 శాతం ప్రొటీన్ ఉంటే, ఈ ప్రయోగాల్లో తల్లికి ఎనిమిది తొమ్మిది శాతం మాత్రమే ఇస్తారు. అన్ని అమైనో ఆమ్లాలూ సమానంగా తగ్గుతాయన్న ఊహ తప్పని తేలింది. అబర్డీన్‌లో విలియం రీస్ బృందం 1999లో చూసినప్పుడు ప్రత్యేకంగా పడిపోయినది థ్రియోనిన్. ఇలాంటి మేతల్లో ప్రొటీన్‌గా వాడే కేసీన్‌లో గంధకం గల అమైనో ఆమ్లాల కొరత తీర్చడానికి మిథియోనిన్‌ను విడిగా కలుపుతారు. దాన్ని వదిలించుకునే క్రమంలో థ్రియోనిన్ కూడా ఖర్చవుతుందని వారు భావించారు. ఈ మేత తిన్న తల్లుల పిల్లల్లో పెద్దయ్యాక రక్తపోటు పెరిగితే, తల్లి మేతకు గ్లైసిన్ కలపడం ఆ ప్రభావాన్ని ఆపిందని 2002లో జాక్సన్, సహచరులు నివేదించారు. బెల్జియంలో రూసెన్స్, హూట్ బృందం పని టారిన్ మీద: తల్లికి ప్రొటీన్ తగ్గితే పిండం ప్లాస్మాలో టారిన్ తగ్గి, క్లోమంలో ఇన్సులిన్ కణాలు బలహీనపడతాయి, తల్లి తాగే నీటిలో టారిన్ కలిపితే తేరుకుంటాయి. జరాయువు దీన్ని చూస్తూ ఊరుకోదని యాన్సన్ బృందం 2006లో చూపింది: పిండం బరువు తగ్గడానికి ముందే ‘ఎ’ వ్యవస్థ రవాణా తగ్గిపోతుంది. ఎదుగుదల మందగించినందువల్ల గిరాకీ తగ్గిందన్న పాత వివరణకు ఇది గట్టి దెబ్బ.

ఈతలోని పిల్లల సంఖ్యను మార్చడం ఇదే ప్రశ్నను పుట్టిన తరువాతి దశలో అడిగే మార్గం. మక్‌కాన్స్, విడోసన్ 1960 నాటికే కొన్ని తల్లులకు మూడు పిల్లలను, మరికొన్నిటికి పదిహేను ఇరవై పిల్లలను ఇచ్చి, పాలు మానేలోపు పెరుగుదలలో వచ్చిన తేడా జీవితాంతం నిలుస్తుందని చూపారు. ఇందులో తగ్గేది పాల పరిమాణం. అంటే ప్రొటీనూ శక్తీ కలిసే తగ్గుతాయి. కాబట్టి రక్తంలో వచ్చిన మార్పును ప్రొటీన్ లోటుకే అంటగట్టలేం.

మనుషుల్లో పోషకలోపం అధ్యయనాలకూ ఈ పనికీ రాకపోకలు చాలాకాలంగా ఉన్నాయి. క్వాషియోర్కర్ అనే తీవ్ర పోషకలోప వ్యాధి వచ్చిన పిల్లల రక్తంలో గ్లైసిన్, సెరిన్, గ్లుటమిన్, టారిన్‌లు లూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, మిథియోనిన్‌లతో పోలిస్తే బాగా ఎక్కువవుతాయని ఉగాండాలో వైట్‌హెడ్, డీన్ 1964లో చూపారు. ఆ నిష్పత్తిని వ్యాధి పైకి కనిపించకముందే పట్టుకునే పరీక్షగా వాడే ప్రయత్నాలు జరిగాయి. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో మరో దిశ చూపారు. దక్కన్‌లో జొన్న ప్రధాన ఆహారంగా తినే పేదల్లో వచ్చే పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధికి జొన్నలో అధికంగా ఉన్న లూసిన్ కారణం కావచ్చని వారు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన తరువాత వాదోపవాదాలకు గురైంది. అయినా ఒక అమైనో ఆమ్లం కొరతే కాదు, ఆధిక్యం కూడా మిగతావాటి జీవక్రియను తారుమారు చేయగలదన్న ప్రశ్నను అది తెలుగు నేల మీది ఆహారంతో ముడిపెట్టింది. మేతలో అమైనో ఆమ్లాల పొందిక చెడితే ఎలుక తినడమే తగ్గించేస్తుందని ఆల్‌ఫ్రెడ్ హార్పర్ విస్కాన్సిన్‌లో చేసిన ప్రయోగాలు కూడా ఆ కాలంవే.

ఎలుక నుంచి మనిషికి ఫలితాలను మార్చేటప్పుడు రెండు గడియారాలను వేరుగా చూడాలి. మెదడు ఎదుగుదలలో ఎలుక పిల్ల పుట్టిన వారం పది రోజులకు గాని మానవ శిశువు పుట్టే దశకు చేరదని డాబింగ్, సాండ్స్ 1979లో లెక్కగట్టారు. కాలేయం విషయంలో మాత్రం రెండింటిలోనూ ప్రసవమే పెద్ద మలుపు. గ్లూకోజ్ తయారీ, టైరోసిన్ విచ్ఛిన్నం వంటివి బొడ్డుతాడు తెగిన గంటల్లోనే మారతాయి. అందువల్ల ఎలుక పిల్ల మొదటి రోజు రక్తం జీవక్రియ పరంగా నవజాత శిశువుకు దగ్గరగా ఉండవచ్చు, కానీ ఆ రక్తం చేరే మెదడు ఇంకా నెలలు నిండని శిశువు మెదడు స్థాయిలో ఉంటుంది. నెల తక్కువ శిశువులకు నరం గుండా ఎక్కించే అమైనో ఆమ్లాల మిశ్రమాలను ఆలోచించేవారికి ఎలుకలోని ఈ పొంతన లేనితనమే ఉపయోగపడవచ్చు: గర్భం బయటి రక్తం, గర్భం లోపలి మెదడు ఒకే ప్రాణిలో కలిసి దొరికే నమూనా అది.